బ్రెయిన్ స్ట్రోక్: 2013లో ఫెయిలైన చికిత్స 2015లో ఎలా పాసైంది? అసలు తేడా ఇదే..

బ్రెయిన్ స్ట్రోక్ వచ్చినవాళ్లకు తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మెదడులో ఇరుక్కున్న రక్తపు గడ్డను బయటకు లాగేస్తారు. దీన్నే మెకానికల్ థ్రోంబెక్టమీ అంటారు. ఇప్పుడు ఎంతోమందిని మంచానపడకుండా కాపాడుతున్న ఈ చికిత్స, ఒకప్పుడు పరీక్షలో ఫెయిలైంది. కారణం ఏంటంటే..

2013లో ఏం జరిగింది?
ఆ ఏడాది ఐఎంఎస్-3, సింథసిస్, ఎంఆర్ రెస్క్యూ అనే మూడు క్లినికల్ ట్రయల్స్ ఫలితాలు వచ్చాయి. గొట్టంతో చేసే చికిత్స వల్ల అదనపు లాభం కనిపించలేదు. అయితే మొదటి రెండింటిలో, పెద్ద రక్తనాళం మూసుకుపోయిందా లేదా అని ముందే స్కాన్‌లో చూడటం తప్పనిసరి కాదు. లాగడానికి గడ్డే లేకపోతే లాభం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా అప్పట్లో వాడినవి ఎక్కువగా పాతతరం పరికరాలు.

2015లో ఏం మార్చారు?
నెదర్లాండ్స్‌లో 500 మందితో 'ఎంఆర్ క్లీన్' ట్రయల్ జరిగింది. పెద్ద నాళం మూసుకుపోయిందని స్కాన్‌లో తేలినవాళ్లనే, అదీ ఆరు గంటల్లోపు చికిత్స మొదలుపెట్టగలిగితేనే తీసుకున్నారు. ఎక్కువమందికి కొత్త స్టెంట్ రిట్రీవర్లు వాడారు. ఎవరు ఏ గ్రూపులోకి వెళ్లాలన్నది డాక్టర్ ఇష్టం కాదు, లాటరీ పద్ధతే. 90 రోజుల తర్వాత తమ పనులు తాము చేసుకోగలిగినవాళ్లు గడ్డ తీసే చికిత్స గ్రూపులో 32.6 శాతం, మామూలు చికిత్స గ్రూపులో 19.1 శాతం.

90 రోజులే ఎందుకు?
స్ట్రోక్ నుంచి కోలుకోవడానికి టైమ్ పడుతుంది. 1995లో గడ్డ కరిగించే ఇంజెక్షన్‌పై వచ్చిన అమెరికా ట్రయల్‌లో 24 గంటలకు చూస్తే పెద్ద తేడా లేదు. మూడు నెలలకు చూస్తే లాభం స్పష్టంగా కనిపించింది. అందుకే పేషెంట్ పరిస్థితికి 0 నుంచి 6 వరకు మార్కులు వేస్తారు. 0 అంటే ఏ ఇబ్బందీ లేదు, 6 అంటే మరణం. ఎంఆర్ క్లీన్‌లో ఫోన్ చేసి ఈ వివరాలు అడిగినవారికి, ఎవరికి ఏ చికిత్స జరిగిందో తెలియనివ్వలేదు. తెలిస్తే మార్కులు అటూ ఇటూ అయ్యే ప్రమాదం ఉంది కాబట్టి!

ఆలస్యమైనవాళ్ల సంగతి?
నిద్రలోనే స్ట్రోక్ వస్తే ఎప్పుడొచ్చిందో తెలియదు. అలాంటివాళ్ల కోసమే 'డాన్' ట్రయల్. బాగున్నట్టు చివరిసారి చూసి 6 నుంచి 24 గంటలైనా, కాపాడదగ్గ మెదడు భాగం ఇంకా మిగిలి ఉందని స్కాన్‌లో తేలినవాళ్లను ఎంచుకున్నారు. 90 రోజులకు తమ పనులు చేసుకోగలిగినవాళ్లు 49 శాతం, గడ్డ తీయని గ్రూపులో 13 శాతమే.

అలాగని 24 గంటలు టైముంది కదా అని ఆగొద్దు. అది అందరికీ వర్తించదు. మూతి వంకర పోయినా, చెయ్యి పడిపోయినా, మాట తడబడినా వెంటనే 108కి కాల్ చేయండి.