హాస్టలు సందు పక్క కాలేజీ

కేంబ్రిడ్జిలో కామ్ నది వైపు దిగే సన్నటి సందు ఒకటుంది. పేరు గారెట్ హాస్టల్ లేన్. ఒక పక్క ట్రినిటీ కాలేజీ, ఇంకో పక్క ట్రినిటీ హాల్ అనే వేరే కాలేజీ, మధ్యలో బెల్లు కొట్టుకుంటూ పోయే సైకిళ్లు. పేరులో ఉన్న ఆ హాస్టలు మాత్రం ఇప్పుడు లేదు. మన దగ్గర హాస్టలంటే కాలేజీకి తోక. ముందు కాలేజీ వెలుస్తుంది, నిధులు మిగిలితే హాస్టలు లేస్తుంది. అక్కడ జరిగింది దానికి తలకిందులు. ముందు హాస్టలు పుట్టింది, దాని కడుపున కాలేజీ పుట్టింది.

1209లో ఆక్స్‌ఫర్డ్‌లో ఊరివాళ్లకీ చదువుకునేవాళ్లకీ గొడవ ముదిరింది. కొందరు విద్యార్థుల్ని ఉరి తీశారు. ప్రాణభయంతో గురువులూ శిష్యులూ తలో దిక్కూ పట్టారు, అందులో ఒక గుంపు కేంబ్రిడ్జి చేరింది. అప్పటికి విశ్వవిద్యాలయానికి భవనం లేదు, బోర్డు లేదు. గురువు ఎక్కడుంటే అదే బడి. చదువుకోవడానికి వచ్చినవాళ్లలో పద్నాలుగు, పదిహేనేళ్ల పిల్లలు చాలామంది. వాళ్లకు కావలసింది ముందు లాటిన్ కాదు, తల దాచుకునే చోటు. ఊరివాళ్లకు అది మంచి బేరమైంది. అద్దెలు ఎంత పెరిగాయంటే 1231లో మూడో హెన్రీ రాజు కలగజేసుకుని, అద్దెలు న్యాయంగా ఉండాలని తాకీదు పంపాల్సి వచ్చింది.

అప్పుడు కొందరు గురువులు తామే ఇళ్లు అద్దెకు తీసుకుని పిల్లల్ని చేర్చుకున్నారు. వీటినే హాస్టళ్లన్నారు. వీటితో ఒకటే చిక్కు. ఇంటి యజమాని కాదన్నా, గురువు ఊరొదిలి వెళ్లినా హాస్టలు మూతపడేది. 1284లో ఈలీ బిషప్పు హ్యూ డి బాల్షమ్ పీటర్‌హౌస్ పెట్టి ఈ చిక్కు విప్పాడు. అద్దె ఇంటికి బదులు సొంత ఇల్లు, దాన్ని నడపడానికి మాన్యం, ఎవరు ఎలా ఉండాలో రాసిన కట్టుబాట్లు. హాస్టలుకు ఈ మూడూ తోడైతే అదే కాలేజీ. మన గుళ్లకూ మఠాలకూ రాజులు భూములు రాసిచ్చిన పద్ధతే ఇది. దేవుడి నైవేద్యానికి బదులు విద్యార్థి రాత్రి భోజనం, అంతే తేడా.

ట్రినిటీ ఇలాంటి కాలేజీల తర్వాత వచ్చింది గానీ, వస్తూనే పెద్దింటి బిడ్డలా వచ్చింది. ఎనిమిదో హెన్రీ మఠాల ఆస్తుల్ని వరసగా జప్తు చేస్తున్న రోజులవి. కాలేజీలకూ అదే గతి పడుతుందని కేంబ్రిడ్జి వణికిపోయింది. రాణి క్యాథరిన్ పార్ నచ్చజెప్పిందంటారు, మొత్తానికి రాజు మింగడం మాని కొత్తది పెట్టాడు. 1317 నాటి కింగ్స్ హాల్, 1324 నాటి మైకేల్‌హౌస్, చుట్టుపక్కల ఉన్న కొన్ని హాస్టళ్లు కలిపి 1546లో ట్రినిటీ అన్నాడు. మఠాల నుంచి లాక్కున్న భూముల్లో కొన్ని రాసిచ్చాడు. మరుసటి జనవరిలోనే పోయాడు.

కాలేజీ సింహద్వారం మీద ఆయన విగ్రహం ఇప్పటికీ ఉంది. కుడిచేతిలో రాజదండం ఉండాలి కదా, తలెత్తి చూస్తే కుర్చీ కోడు కనిపిస్తుంది. ఎవడో కొంటె విద్యార్థి ఎప్పుడో మార్చేశాడు. కాలేజీ కూడా దాన్ని అలాగే ఉంచేసింది.

రాజు పెట్టినా ట్రినిటీని ఇప్పుడు కనిపించే తీరుకు తెచ్చింది 1593 నుంచి 1615 దాకా మాస్టరుగా, అంటే కాలేజీ పెద్దగా, ఉన్న థామస్ నెవిల్. అడ్డొచ్చిన కట్టడాలు కొట్టించి, నట్టింట్లో వాకిలిలా ఒక మహా ఆవరణ తెరిపించాడు. పేరు గ్రేట్ కోర్ట్. మధ్యలో ఫౌంటెన్, చుట్టూ గదులు, ఒక వైపు భోజనశాల, ఒక వైపు ప్రార్థనామందిరం. ఇక్కడి గడియారం ప్రతి గంటనూ రెండుసార్లు కొడుతుంది, ముందు బొంగురు స్వరంతో, వెంటనే సన్నటి స్వరంతో. మధ్యాహ్నం పన్నెండంటే ఇరవై నాలుగు దెబ్బలు. ఆ దెబ్బలు పూర్తయ్యేలోగా ఆవరణ చుట్టి రావాలన్నది కుర్రాళ్ల పందెం. దూరం సుమారు 367 మీటర్లు, వ్యవధి ముప్పావు నిమిషానికి కాస్త తక్కువ. 1927లో అథ్లెట్ లార్డ్ బర్లీ చుట్టి చూపించాడు. ‘చారియట్స్ ఆఫ్ ఫైర్’ సినిమా చూసినవాళ్లు ఆ పరుగు హెరాల్డ్ అబ్రహామ్స్ తీశాడనుకుంటారు. ఆయన అసలు ట్రినిటీ విద్యార్థే కాదు, ఆ దృశ్యం తీసింది కేంబ్రిడ్జిలోనూ కాదు.

1661లో న్యూటన్ ఈ వాకిట్లోకి అడుగుపెట్టింది సబ్‌సైజర్‌గా. అంటే తోటివాళ్లకూ పెద్దలకూ పనులు చేసిపెడుతూ, ఆ లెక్కన ఖర్చు తగ్గించుకుని చదివే పేద విద్యార్థి. వారాలు చేసుకుని చదువుకున్న మన తాతలకు ఈ ఏర్పాటు చటుక్కున అర్థమవుతుంది. వారాల పిల్లాడికి రోజుకో ఇల్లు, సబ్‌సైజర్‌కు అన్ని రోజులూ ఒకే వంటిల్లు. ఆరేళ్లు తిరిగేసరికి ఆయన ఫెలో అయ్యాడు. నెవిల్ పేరుతోనే ఉన్న ఇంకో ఆవరణ వసారాలో కాలితో నేలను తన్ని, ప్రతిధ్వని తిరిగొచ్చే వ్యవధిని బట్టి ధ్వని వేగం లెక్కకట్టబోయాడు. వసారా ఇప్పటికీ ఉంది, కాలు తాటించి చూసే పర్యాటకులూ ఉన్నారు.

ఫెలో అంటే కాలేజీ మాన్యంలో భాగస్తుడు. గది, భోజనం, జీతం అన్నీ ఉండేవి, పెళ్లి మాత్రం కుదిరేది కాదు. 1882లో నిబంధనలు మారేదాకా పెళ్లి చేసుకోవాలంటే ఫెలోషిప్ వదులుకోవాల్సిందే. శతాబ్దాల తరబడి బ్రహ్మచారులు నడిపిన సంసారం ఇది. అందుకేనేమో భోజనశాలకు అంత ప్రాముఖ్యం. ఎత్తుమీద పెద్దల బల్ల, కింద పొడవాటి బల్లల మీద విద్యార్థులు, లాటిన్‌లో ప్రార్థన, మీద గౌను. చాలా కాలేజీలవి నల్లగా ఉంటే ట్రినిటీ విద్యార్థిది ముదురు నీలం. ఆవరణలో పచ్చిక మీద నడిచే హక్కు ఫెలోలదే, విద్యార్థి రాతి బాట పట్టుకుని చుట్టు తిరిగి పోవాలి. ఇన్ని కట్టుబాట్లున్న చోట అల్లరికి లోటుంటుందా? 1805లో చేరిన కవి బైరన్, కుక్కల్ని పెంచకూడదన్నారని ఏకంగా ఎలుగుబంటిని తెచ్చుకున్నాడంటారు. దాన్నేం చేస్తావని అడిగినవాళ్లకు, ఫెలోషిప్ పరీక్షకు కూర్చోబెడతానన్నాడు.

కట్టుబాట్లన్నిట్లోకీ గట్టిది గేటు. అప్పట్లో ఇరవై ఒక్క ఏళ్లు నిండనివాడు చట్టం దృష్టిలో మైనరు, కాలేజీ వాడికి తల్లీతండ్రీ. రాత్రి పది దాటి వస్తే జరిమానా, అర్ధరాత్రి దాటితే పెద్దలకు సంజాయిషీ. కనుక గోడలు దూకారు, ఆ తర్వాత సరదా పుట్టి కప్పులెక్కారు. పందొమ్మిదో శతాబ్దం చివర్లో జెఫ్రీ విన్‌త్రాప్ యంగ్ ట్రినిటీ కప్పులెక్కేవాళ్ల కోసం, తన పేరు పెట్టకుండా, ఏకంగా ఒక గైడు పుస్తకమే రాశాడు. 1970లో ఇంగ్లండులో మేజరయ్యే వయసు పద్దెనిమిదికి దిగాక తాళాలకు అర్థం లేకుండా పోయింది.

1914లో ఈ గేటు దాటి లోపలికొచ్చిన ఒక మనిషి మాత్రం భోజనశాల గడప దాటలేకపోయాడు. నెల్లూరు కలెక్టరుగా ఉన్న ఆర్. రామచంద్రరావు నెలకు పాతిక రూపాయలిచ్చి నిలబెట్టిన శ్రీనివాస రామానుజన్, అక్కడి గణితవేత్త హార్డీ పిలుపు మీద ట్రినిటీ చేరాడు. లెక్కల విషయంలో కాలేజీ ఆయనకు ఇవ్వగలిగినంత ఇచ్చింది. కాలేజీ అనేదాన్ని కలిపి ఉంచేదే సహపంక్తి. ఆ పంక్తిలో ఆయనకు చోటు లేకుండా పోయింది. శాకాహారి, పైగా ఆచారం పట్టింపు. హ్యూవెల్స్ కోర్టులోని తన గదిలోనే పొయ్యి పెట్టుకుని వండుకునేవాడు. చింతపండు పంపమని మద్రాసుకు రాసుకునేవాడు.

పక్కనే కింగ్స్ కాలేజీలో చదువుతున్న ప్రశాంతచంద్ర మహలనోబిస్ ఆ గదికి వస్తూపోతూ ఉండేవాడు. ఒకనాడు ఆయన స్ట్రాండ్ పత్రికలోని ఒక చిక్కులెక్క చదివి వినిపించాడు. వీధిలో ఇళ్లకు వరసగా నంబర్లు, ఒక ఇంటికి ఎడమ వైపున్న నంబర్ల మొత్తం కుడి వైపు మొత్తానికి సమానం, ఇళ్లు యాభైకి పైన, అయిదు వందలకు లోపు. 288 ఇళ్లలో 204వది అని మహలనోబిస్ అటూ ఇటూ ప్రయత్నించి అప్పటికే తేల్చుకున్నాడు. రామానుజన్ పొయ్యి మీద కూర కలుపుతున్నాడు. గరిటె ఆపకుండానే రాసుకో అని ఒక అవిచ్ఛిన్న భిన్నం చెప్పాడు. ఆ ఒక్క ఇంటికే కాదు, అలాంటి వీధులన్నిటికీ జవాబు అందులో ఉంది.

ఇంకోసారి గది చలిగా ఉందని, ఓవర్‌కోటు వేసుకుని శాలువా కప్పుకుని పడుకుంటున్నానని చెప్పాడు. మహలనోబిస్ లోపలికెళ్లి చూస్తే మంచం మీద దుప్పట్లు బోలెడు, అన్నీ పరుపు కిందికి బిగించి దోపి ఉన్నాయి. వాటిని లాగి లోపల దూరాలని ఎవరూ చెప్పలేదు. బెడ్డర్లని పిలిచే పనివాళ్లు రోజూ పక్క సర్ది పోయే చోట, ఆ పక్కలో ఎలా పడుకోవాలో తెలియనివాడు ఉంటాడని ఎవరికి తోస్తుంది?

ఆ తర్వాత రామానుజన్ మకాం మారిన భవనం పేరు బిషప్స్ హాస్టల్. పాత గారెట్ హాస్టల్ ఉన్న చోటే 1670 ప్రాంతంలో జాన్ హాకెట్ అనే బిషప్పు డబ్బిచ్చి కట్టించిన ఇల్లది. ఆ గదుల అద్దెతో గ్రంథాలయానికి పుస్తకాలు కొనాలన్నది దాత పెట్టిన షరతు. 1917లో రామానుజన్‌కు ట్రినిటీ ఫెలోషిప్ దక్కలేదు, 1918 అక్టోబరులో దక్కింది. అప్పటికే ఆరోగ్యం చెడి ఆసుపత్రుల పాలయ్యాడు.

ఈ కాలేజీ పద్ధతి మన దేశానికి సూటిగా రాలేదు. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి విశ్వవిద్యాలయాలు పెట్టినప్పుడు తెల్లవాళ్లు నమూనాగా తీసుకున్నది కేంబ్రిడ్జిని కాదు, అప్పట్లో పరీక్షలు పెట్టి పట్టాలివ్వడమే పనిగా ఉన్న లండన్ విశ్వవిద్యాలయాన్ని. కలిసి తినడం, కలిసి ఉండడం సంద్రం అవతలే ఉండిపోయాయి, హాల్ టికెట్ ఒక్కటే ఓడ దిగింది. కాలేజీ ఒక చోట, విశ్వవిద్యాలయం మరెక్కడో, హాస్టలు ఎవరి పూచీ వారిది అన్న మన అలవాటుకు వేరు అక్కడుంది. కలకత్తా విశ్వవిద్యాలయం మీద వేసిన శాడ్లర్ కమిషన్ 1919లో ఈ లోటును ఎత్తిచూపాకే గురుశిష్యులు ఒక చోట ఉండే విశ్వవిద్యాలయాల మాట గట్టిగా వినిపించింది. 1926లో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తొలి ఉపాధ్యక్షుడైన కట్టమంచి రామలింగారెడ్డి, ట్రినిటీ పక్కనే ఉన్న సెయింట్ జాన్స్ కాలేజీలో చదివినవాడు.

ట్రినిటీలో ఇప్పటికీ పాఠం అసలు రుచి పెద్ద తరగతి గదిలో ఉండదు, సూపర్‌విజన్‌లో ఉంటుంది. వారం వారం ఒకరిద్దరు విద్యార్థులు గురువు ముందు కూర్చుని తాము చేసిన లెక్కలో, రాసిన వ్యాసమో సమర్థించుకోవాలి. వెనక బెంచీ అనేది లేదు. ఇంత ఖరీదైన బోధన సాగుతోందంటే వెనక మాన్యం ఉండబట్టే. అది కూడా ఆగినచోట ఆగలేదు. 1933లో కొన్న భూముల మీద ఇప్పుడు ఫెలిక్స్‌టో ఓడరేవు ఉంది, 1970లో మొదలైన కేంబ్రిడ్జి సైన్స్ పార్కూ కాలేజీదే.

ఆడపిల్లల దగ్గరికొచ్చేసరికి మాత్రం ఈ పెద్దింటికి కాలు కదలలేదు. గిర్టన్ కాలేజీ 1869లోనే మొదలైనా, కేంబ్రిడ్జి మహిళలకు పూర్తి పట్టాలిచ్చింది 1948లో. ట్రినిటీ డిగ్రీ చదువుకు ఆడపిల్లల్ని తీసుకున్నది 1978లో.

కొత్త మాస్టరు వచ్చే రోజున సింహద్వారం మూసి ఉంచడం ఇక్కడి ఆనవాయితీ. మాస్టరును నియమించేది రాజో రాణో అయినా సరే, వచ్చినవారు బయట నిలబడి తలుపు తట్టాలి. పోర్టరు తలుపు వారగా తీసి, నియామకపత్రం పుచ్చుకుని మళ్లీ మూసేస్తాడు. లోపల ఫెలోలు దాన్ని పరికించి సరేననాలి. 2019 అక్టోబరులో ఇలాగే తలుపు తట్టిన చప్పుడైంది. కుర్చీ కోడు పట్టుకున్న ఎనిమిదో హెన్రీ కింద, చేతిలో కాగితంతో, వైద్యురాలు శాలీ డేవిస్ నిలబడి ఉంది. పోర్టరు కాగితం పుచ్చుకుని తలుపు మూశాడు. కాసేపటికి రెండు రెక్కలూ బార్లా తెరిచారు.