చిన్న కమాండ్లు: అర్ధ శతాబ్దపు సింహావలోకనం

కంప్యూటర్ చరిత్రను యంత్రాల వేగంతో కొలవడం మనకు అలవాటు. తెర మీద ఒక మాట టైపు చేస్తే ఒక పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రాముల వైపు నుంచి చూస్తే మరో వరస కనిపిస్తుంది. యంత్రాలు ఎంత పెరిగినా, చోటు చాలని యంత్రం ఏ తరంలోనూ లేకుండా పోలేదు. ఆ ఇరుకులోనే ఈ విద్య పుట్టింది, పెరిగింది.

తొలి అధ్యాయం బెల్ ల్యాబ్స్‌ది. 1969లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ పీడీపీ-7 అనే కంప్యూటర్ మీద యూనిక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు శ్రీకారం చుట్టారు. ఆ తర్వాత చేతికొచ్చిన పీడీపీ-11లో మెమరీ మొత్తం 24 కిలోబైట్లు. అందులో 16 సిస్టమ్‌కే పోగా, వాడేవారి ప్రోగ్రాముకు మిగిలింది 8. అందులో పెద్ద ప్రోగ్రాముకు తావెక్కడిది? ఒక్కో పనికి ఒక్కో చిన్న ప్రోగ్రాము రాసుకున్నారు. డగ్ మెకిల్‌రాయ్ పట్టుదలతో 1973లో పైప్ వచ్చాక, ఒక కమాండ్ ఫలితం తిన్నగా మరో కమాండ్‌కు అందసాగింది. ఎడ్ అనే ఎడిటర్‌లో పట్టనంత పెద్ద పాఠంలో వెతకవలసి వచ్చినప్పుడు, థాంప్సన్ అందులోని వెతికే భాగాన్ని విడదీసి గ్రెప్‌గా నిలబెట్టారు. లేమి నేర్పిన విభజన ఒక శైలిగా స్థిరపడింది.

1974లో గ్యారీ కిల్డాల్ రూపొందించిన సీపీ/ఎం ఆపరేటింగ్ సిస్టమ్ ఇదే పొదుపును మైక్రోకంప్యూటర్లకు చేర్చింది. ఫైళ్ల జాబితా, పేరు మార్పు వంటి కొద్ది కమాండ్లనే మెమరీలో ఉంచుకుని, కాపీ చేసే పిప్ లాంటివాటిని ఫ్లాపీకి వదిలేసింది. 1981లో ఐబీఎం పీసీతో వచ్చిన డాస్, కామ్ ఫైలు పద్ధతిని అక్కడి నుంచే అందుకుంది: ప్రోగ్రాము 64 కిలోబైట్లలో సర్దుకోవాలి. ఆ హద్దులో అసెంబ్లీ భాషలో రాసిన బుల్లి యుటిలిటీలు ఒక తరం ప్రోగ్రామర్లకు బడి అయ్యాయి.

మెమరీ చౌకయ్యేకొద్దీ కమాండ్లూ ఒళ్లు చేశాయి. గ్నూ ప్రాజెక్టు తిరగరాసిన యూనిక్స్ కమాండ్లు ఎన్నో ఆప్షన్లు చేర్చుకున్నాయి. ఇంతలో 1995లో బ్రూస్ పెరెన్స్‌కు డెబియన్ లినక్స్ ఇన్‌స్టాలర్‌ను ఒకే ఫ్లాపీలో ఇమడ్చవలసి వచ్చింది. విడివిడిగా ఉంటే ప్రతి ప్రోగ్రామూ ఒకే రకమైన కోడ్‌ను మోసుకొస్తుంది. అందుకే ఆయన అన్నింటినీ ఒకే ఫైలుగా కలిపి బిజీబాక్స్ చేశారు. ఏ పేరుతో పిలిస్తే ఆ పని; పేర్లన్నీ ఆ ఒక్క ఫైలుకే లింకులు. బెల్ ల్యాబ్స్‌లో మెమరీ ఇరుకు విడదీయమంది, ఇక్కడ డిస్కు ఇరుకు కలపమంది. ఈ చరిత్రలో ఇంతకన్నా పెద్ద మలుపు లేదు.

తర్వాత బిజీబాక్స్‌ను ఎరిక్ ఆండర్సన్, రాబ్ లాండ్లీ, డెనిస్ వ్లాసెంకో ఒకరి తర్వాత ఒకరు నడిపించారు. ఫ్లాపీ కాలం ముగిసినా దాని అవసరం తీరలేదు. 4 మెగాబైట్ల ఫ్లాష్ మాత్రమే ఉన్న ఇంటి రూటర్లు వచ్చాయి. 2004లో మొదలైన ఓపెన్‌డబ్ల్యుఆర్‌టీ ప్రాజెక్టు బిజీబాక్స్ సాయంతో వాటిలో పూర్తి లినక్స్‌నే నడిపింది. బిజీబాక్స్ తరహాలోనే లాండ్లీ మొదలుపెట్టిన టాయ్‌బాక్స్ 2015లో ఆండ్రాయిడ్ 6తో ఫోన్లలోకి చేరింది. మెమరీకి కొరతలేని సర్వర్లలోనూ, పదేపదే దించుకోవలసిన కంటెయినర్ల కోసం బిజీబాక్స్ మీద నిలిచిన ఆల్పైన్ లినక్స్‌ను ఎంచుకుంటున్నారు. దాని మూల ఇమేజ్ కొద్ది మెగాబైట్లే.

ఇరుకు మెమరీ నుంచి డిస్కుకు, ఫ్లాష్‌కు, నెట్‌వర్క్‌కు మారుతూ వచ్చింది. ప్రతిచోటా ప్రోగ్రామరు తేల్చుకోవలసింది మాత్రం ఒక్కటే: ఈ పనికి ఏది తప్పనిసరి, ఏది వదిలేయవచ్చు? యూనిక్స్ బాటలో ప్రతి తరమూ కమాండ్ లోపలి కోడ్‌ను తిరగరాసింది, పైపేరునూ చేసే పనినీ కాపాడింది. అందుకే 1971 నాటి తొలి యూనిక్స్ మాన్యువల్‌లోని క్యాట్, సీపీ, ఎల్‌ఎస్ నేటి ఆండ్రాయిడ్ ఫోనులోనూ అవే పేర్లతో పనిచేస్తున్నాయి.