తూకంలో పోయిన నెమలి

మన ఆడవాళ్ళకి ఒక అలవాటుంది. పెళ్ళిలోనో పేరంటంలోనో ఎవరి మెడలోనైనా కొత్త నగ కనిపించిందంటే మెల్లిగా పక్కకి జరిగి, "చాలా బావుందండీ, ఎన్ని తులాలు?" అని అడుగుతాం. ఆ తర్వాత "ఏ షాపులో?" అంటాం. ఇంకాస్త చనువుంటే "తరుగెంత వేశాడు?" అని కూడా ఆరా తీస్తాం. అంతేగాని, "ఇది ఎవరు చేశారండీ?" అని అడిగినావిడని నేనింతవరకూ చూడలేదు. ఒకరిని అనడమెందుకు, నా సంగతే చెబుతాను వినండి.

మా పెదనాన్నగారి ఉద్యోగరీత్యా పెద్దమ్మావాళ్ళు చాలా ఏళ్ళు కరీంనగర్‌లో ఉన్నారు. నా పెళ్ళికి ఆవిడ ఒక వెండి బ్రోచి తెచ్చి ఇచ్చింది. పైటకి పెట్టుకునేది. నెమలి. దారంలాంటి సన్నటి వెండి తీగల్ని మెలిపెట్టి, చుట్టలు చుట్టి, ఒకదానికొకటి అతికిన నెమలి. పెళ్ళికొచ్చిన చుట్టాలంతా దాన్ని అరచేతిలో పెట్టుకుని అటూ ఇటూ ఊపి చూశారు. "బరువేం లేదే!" అన్నారు. పెద్దమ్మ మొహం చిన్నబోయింది. నేనూ ఏమీ అనలేదు. లోపల నేనూ అదే అనుకున్నాను మరి!

2009లో మా అమ్మాయికి పట్టీలు కొనడానికి బయల్దేరుతూ బీరువా తీస్తే ఒక మూల ఆ బ్రోచి కనిపించింది. నల్లబడిపోయి ఉంది. వాడకం లేనిది ఎందుకులే అని పర్సులో వేసుకున్నాను. షాపులో కుర్రాడు దాన్ని చిన్న కాటాలో పడేశాడు. 18 గ్రాములు. అతుకుల్లో టంకం ఉంటుందని కొంత కోత కోశాడు. 400 చిల్లర లెక్క తేల్చి, పాత వెండి డబ్బాలో పట్టడం లేదని పట్టకారుతో నెమలి మెడ వంచి, తోక మడిచి లోపల కుక్కాడు. అంతా కలిపి ఒక నిమిషం పట్టిందేమో. నేను పట్టీల డిజైన్లు చూస్తూ నిలబడ్డాను. ఆ సంగతి ఆ రోజే మర్చిపోయాను కూడా.

మళ్ళీ గుర్తు చేసింది ఒక పుస్తకం. నగని బరువుతో కాకుండా చేసిన చేతిని బట్టి చూడాలని పట్టుబట్టిన కళాకారుల చరిత్ర అది.

అందులో నాకు మొదట నచ్చినావిడ ఆనీ ఆల్బర్స్. జర్మనీలో పేరుపడ్డ నేతగత్తె. నాజీల రోజుల్లో, 1933లో, భర్తతో అమెరికా చేరి అక్కడొక కాలేజీలో నేత నేర్పింది. మెక్సికోలో మోంటే ఆల్బాన్ అనేచోట 1932లో ఒక పాతకాలపు సమాధి తవ్వితే రాశి పోసినట్టు నగలు దొరికాయి. వాటిని చూసి ఆవిడ ఆశ్చర్యపోయింది. బంగారం ఉన్నందుకు కాదు. బంగారం పక్కన స్ఫటికం, ముత్యాల పక్కన ఉత్త సముద్రపు గవ్వలు సరిసమానంగా కూర్చి ఉన్నందుకు! ఇది ఖరీదు, అది చవక అన్న తేడా ఆ పనివాళ్ళ మనసులో లేదన్నమాట.

తిరిగొచ్చాక ఆవిడా, అలెగ్జాండర్ రీడ్ అనే ఆవిడ శిష్యుడూ కలిసి ఇనపసామాన్ల కొట్లూ చవక బజార్లూ తిరిగారు. వాషర్లు, తలపిన్నులు, పేపరు క్లిప్పులు కొనుక్కొచ్చి 1940 ప్రాంతంలో హారాలు తయారుచేశారు. వాటిలో ఒకదానికి పతకం ఏమిటనుకున్నారు? సింకు తూముకి అడ్డంగా పెట్టే జల్లెడబిళ్ళ! దాని కింద పేపరు క్లిప్పులు కుచ్చుల్లా వేలాడుతుంటాయి. ఆ ఫోటో చూసి నేను లేచి వంటింట్లోకి వెళ్ళి మా సింకులోకి తొంగి చూశాను. ఇన్నేళ్ళుగా అందులో పడ్డ మెతుకులే చూశానుగాని ఆ చిల్లుల వరసలు చూడలేదు.

రెండోవాడు అలెగ్జాండర్ కాల్డర్. గాలికి మెల్లగా తిరుగుతూ వేలాడే శిల్పాలకు ఆయన పేరు లోకమంతా తెలుసు. చిన్నప్పుడు వీధిలో కరెంటు పనివాళ్ళు వదిలేసిన రాగితీగ ముక్కలు ఏరుకొచ్చి చెల్లెలి బొమ్మలకి... కాదు కాదు, అక్క బొమ్మలకి నగలు చేసిపెట్టేవాడట. పెద్దయ్యాకా ఆ అలవాటు పోలేదు. ఇత్తడి తీగ, వెండి తీగ సుత్తితో సాగగొట్టి, చుట్టలు చుట్టి దాదాపు 1,800 నగలు చేశాడు. తను పెళ్ళాడబోయే లూయిసాకి ఉంగరం కూడా ఆయన చేతిదే. చాలామటుకు ఇంట్లోవాళ్ళకీ స్నేహితులకీ కానుకలుగా ఇచ్చినవే.

పెగ్గీ గుగెన్‌హైమ్ అనే కలవారి ఆడపడుచు 1942లో న్యూయార్క్‌లో చిత్రశాల ప్రారంభించింది. ఆ సాయంత్రం ఒక చెవికి కాల్డర్ చేసిన లోలాకు, రెండో చెవికి ఈవ్ తాంగీ అనే చిత్రకారుడు చేసిన లోలాకు పెట్టుకుని వచ్చిందిట. ఆ ఇద్దరివీ వేరు వేరు కళామార్గాలు. తనకి ఇద్దరూ ఒకటేనని చెప్పడానికి అలా చేసింది. మన పేరంటానికి ఎవరైనా జత కుదరని లోలాకులు పెట్టుకొస్తే ఏమంటామో ఊహించుకోండి! 1946లో న్యూయార్క్‌లోని ఆధునిక కళా మ్యూజియం ఇలాంటి చేతిపని నగలకోసమే ప్రత్యేకంగా ప్రదర్శన పెట్టింది. కాల్డర్ తీగలూ, ఆనీ ఆల్బర్స్ క్లిప్పుల హారాలూ అక్కడ బొమ్మలూ శిల్పాలతో సమానంగా గౌరవం అందుకున్నాయి.

ఇదంతా సరదాగానే చదువుకుపోయాను. ఒక్కచోట మాత్రం ఆగిపోయాను. జార్జియా ఓకీఫ్ అనే పేరున్న చిత్రకారిణికి కాల్డర్ ఒక ఇత్తడి బ్రోచి చేసిచ్చాడు. ఆవిడ పేరులోని రెండక్షరాలే దాని ఆకారం. ఆవిడ దాన్ని ఏళ్ళ తరబడి పెట్టుకుంది. జుట్టు తెల్లబడ్డాక ఆ పసుపురంగు నప్పడం లేదనిపించి, మన దేశం వచ్చినప్పుడు అచ్చం అలాంటిదే వెండితో చేయించుకుంది. ఆ బ్రోచి కథ చెప్పినప్పుడల్లా కాల్డర్ పేరు చెబుతారు. వెండిదాన్ని చేసిన మన చేతి గురించి అంతగా చెప్పుకోరు.

బ్రోచి, వెండి, మన దేశం. ఈ మూడూ కలిసేసరికి డబ్బాలో మెడ వంగిన నెమలి కళ్ళముందు కొచ్చింది. కిందటి చలికాలం కరీంనగర్‌లో బంధువుల పెళ్ళికి వెళ్ళినప్పుడు ఆ తీగపని ఎలా చేస్తారో చూసిగాని రాకూడదనుకున్నాను.

కరీంనగర్ దగ్గర్లోనే మానేరు ఒడ్డున ఎలగందుల ఉంది. ఒకప్పుడు జిల్లాకి ముఖ్య పట్టణం అదే. 1905లో కచేరీలన్నీ కరీంనగర్‌కి మారాయి. ఈ వెండి తీగపనికి కూడా పుట్టిల్లు ఎలగందులే. నిజాముల కాలంలో పాన్‌దానులూ అత్తరుదానులూ ఈ పనితో చేయించుకున్న పెద్దింటివాళ్ళే దీన్ని పోషించారు. ఇప్పటివాళ్ళు చెవిదుద్దులూ, పతకాలూ, కుంకుమ భరిణెలూ కూడా చేస్తున్నారు. దీన్ని ఫిలిగ్రీ అంటారు. లాటిన్‌లో తీగకి ఒక మాట, గింజకి ఒక మాట కలిసి పుట్టిన పేరు. ఒడిశాలో కటక్ పనివాళ్ళు దీన్నే తారకశి అంటారు. కరీంనగర్ పనికి 2007లో, కటక్ పనికి 2024లో భౌగోళిక గుర్తింపు దక్కింది. 2023లో ఢిల్లీలో జరిగిన జి-20 సభకు వచ్చిన అతిథుల కోసం అశోకచక్రం బ్రోచీలు కరీంనగర్ పనివాళ్ళే చేశారు.

నేను వెళ్ళింది ఒక చిన్న ఇంటికి. ముందు గదిలో ఒక పెద్దాయన నేలమీద కూర్చుని పనిచేసుకుంటున్నారు. మేలిమి వెండిని కరిగించి కడ్డీ చేస్తారు. దాన్ని కమ్మచ్చు చిల్లుల్లోంచి లాగుతారు. ఒక చిల్లుకంటే ఇంకో చిల్లు సన్నం. అలా లాగి లాగి తల వెంట్రుకంత చేస్తారు. రెండు తీగల్ని కలిపి పురిపెట్టి, బల్లపరుపుగా నొక్కుతారు. అప్పుడు దాని అంచు గింజలు గుచ్చినట్టు కనిపిస్తుంది. లాటిన్ పేరులోని గింజ అదే కాబోలు అనుకున్నాను. లావుపాటి తీగతో ఆకారం కట్టి, దానిలోపల ఈ పురితీగని ఆకులుగా, చుట్టలుగా మలిచి ఒక్కొక్కటే పట్టకారుతో కూరుస్తారు. ఆ పైన టంకం పొడీ వెలిగారమూ చల్లి ఊదుగొట్టంతో మంట ఊదుతారు. టంకం కరగాలి, తీగ కరగకూడదు. ఒక్క క్షణం ఎక్కువైతే నాలుగు రోజుల పనీ ముద్దయి కూర్చుంటుంది.

నాకు అప్పుడర్థమైంది. ఈ నగలో వెండికంటే ఖాళీలే ఎక్కువ. పని ఎంత సున్నితమైతే బరువు అంత తగ్గుతుంది. అటువంటిదానికి మనం గ్రాముల లెక్కన మజూరి కడతామంటే, బాగా చేసినవాడికి తక్కువా, మోటుగా చేసినవాడికి ఎక్కువా ఇస్తున్నట్టు కాదూ? పైగా కంసాలి మీద మనకున్న సామెతల్లో అనుమానం పాలే ఎక్కువ!

పోతపోసిన నకళ్ళు కూడా బజారులో దొరుకుతున్నాయి. తేడా కనిపెట్టడం కష్టమేమీ కాదు. వెనక్కి తిప్పి చూడండి. చేతిపనైతే తీగల మెలికలు రెండు వైపులా కనిపిస్తాయి. వెలుతురుకి ఎదురుగా పెడితే ప్రతి చుట్టలోంచీ వెలుగు వస్తుంది. జత దుద్దుల్లోనైనా రెండూ అచ్చు గుద్దినట్టు ఉండవు.

పెద్దాయనకి నా నెమలి సంగతి చెప్పాను. అమ్మేశానని చెప్పడానికి సిగ్గేసి, పోయిందన్నాను. అలాంటిదే ఇంకోటి చేస్తారా అని అడిగాను. ఆయన పని ఆపి కళ్ళజోడు పైకి తోసుకున్నారు.

"తోక ఎట్లుండె అమ్మా? ఈకలల్ల కండ్లు పెట్టిండ్రా, ఉత్త చుట్టలేనా?"

నేను గుర్తుతెచ్చుకోవడానికి ప్రయత్నించాను. ఎంత ఆలోచించినా కాటా మీద అంకె కనిపిస్తోందిగాని తోక కనిపించడం లేదు. ఏళ్ళ తరబడి నా బీరువాలో ఉన్న వస్తువు! "గుర్తులేదండీ" అన్నాను.

"అయ్యో! ఒక్కొక్కల చెయ్యి ఒక్కొక్క తీరుంటది. తోక గిట్లుండె అంటే ఎవలు చేసిండ్రో చెప్తుంటిని" అన్నారాయన. అని మళ్ళీ తల వంచుకుని ఊదుగొట్టం అందుకున్నారు. కొడుకులిద్దరూ హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసుకుంటున్నారట. ఈ పని నేర్చుకోలేదట.

అమ్మిన వెండి మళ్ళీ కొనుక్కోవచ్చు. ఆ నెమలిని చేసినాయన పేరు తెలిసే దారి మాత్రం ఆ తోక ఒక్కటే. దాన్ని నేను చూసుంచుకోలేదు. పెద్దమ్మ కూడా ఇప్పుడు లేదు, అడుగుదామంటే.

వచ్చేటప్పుడు ఒక జత దుద్దులు తీసుకున్నాను. ఆయన చెప్పిన మజూరికి బేరమాడలేదు. పేరడిగితే మొదట నవ్వారు, తర్వాత చెప్పారు. చీటీ మీద రాసి, ఊరూ సంవత్సరమూ వేసి దుద్దుల డబ్బాలో పెట్టాను. రేపు మా అమ్మాయి వాటిని ఏం చేసుకుంటుందో నాకు తెలీదు. చీటీ చదివాకే చేస్తుంది.

మొన్నొక పేరంటానికి అవి పెట్టుకు వెళ్ళాను. పక్కనున్నావిడ దగ్గరికి జరిగి, "బావున్నాయండీ, ఎన్ని గ్రాములు?" అంది.

"తూకం గుర్తులేదండీ. చేసినాయన పేరు చెప్పనా?" అన్నాను.

ఆవిడ నావంక వింతగా చూసింది. చూస్తే చూసింది లెండి, పేరు మాత్రం చెప్పే వచ్చాను.