లగ్నపత్రికా, చదివింపుల పుస్తకమూ

పెండ్లి కుదిరిన నాటినుంచి తాళి కట్టే నాటివరకు ఎంత వ్యవధి ఉండాలో నిర్ణయించేది పంచాంగమని మన పెద్దలు చెబుతారు. చిన్నతనంలో నేనూ ఆ మాటను నమ్మినవాణ్ణే. 1964 వైశాఖంలో కొండాపురంలో మా అక్క పెండ్లి జరిగింది. ఆనాటి చదివింపుల పుస్తకం ఈనాటికీ నా దగ్గర ఉంది. అట్ట ఊడింది, అంచులు చెద తిన్నది. అయినా పేర్లూ పైకాలూ చదవడానికి వీలుగానే ఉన్నాయి. ఆ పుస్తకం చెప్పే చరిత్ర వేరు.

ఆషాఢం, భాద్రపదం, పుష్యం పెండ్లిండ్లకు పనికిరావు. మాఘం, ఫాల్గుణం, వైశాఖం శ్రేష్ఠం - ఇది శాస్త్రం. మా నల్లరేగడిలో భాద్రపదం వచ్చిందంటే రైతు చూపు మబ్బుమీదా, చెయ్యి గొర్రుమీదా ఉంటాయి. పుష్యంలో జొన్న, శనగ కోతకొస్తాయి. పత్తి తీత మొదలవుతుంది. ఆ నెలల్లో మేళతాళాలకు తీరికెవరికుంది? శాస్త్రకారుడు పొలంవైపు చూసి రాశాడో, నక్షత్రాలవైపు చూసి రాశాడో గాని, రైతు పాటించగల శాస్త్రమే పల్లెల్లో నిలిచిందనుకుంటాను. మా అక్క నిశ్చితార్థం కార్తీకంలో జరిగింది. నడిమి ఆరు నెలలూ ముహూర్తాలు లేక కాదు, పత్తి అమ్ముడుపోక ఆగింది.

ఈ వ్యవధికి రాతపూర్వకమైన ప్రాచీన చరిత్ర చైనాలో కనిపిస్తుంది. 'ఈలీ' అనే కర్మకాండ గ్రంథంలో వివాహానికి ఆరు మెట్లున్నాయి: సంబంధం అడగడం; పిల్ల పేరు అడగడం; శకునం చూసి శుభమని కబురంపడం; కానుకలు పంపి ఖాయపరచడం; ముహూర్తం అడగడం; చివరకు వరుడే వెళ్ళి వధువును తెచ్చుకోవడం. నాలుగో మెట్టులో నలుపూ ఎరుపూ పట్టు, ఒక జత జింక చర్మాలు పంపాలి. తక్కిన అయిదింటికీ బాతును తీసుకుపోవాలి. అయిదో మెట్టులో ఒక చమత్కారం ఉంది. తేదీ నిర్ణయించేది మగపెండ్లివారే. అయినా ఆడపెండ్లివారిని అడిగినట్టు అడుగుతారు, వీరు మీ ఇష్టమేనన్నట్టు తప్పుకుంటారు. మన వియ్యాలవారి మర్యాదలు తెలిసినవారికి ఇది కొత్తగా తోచదు.

ఇది చిన్నపాటి అధికార కుటుంబాలకు రాసిన విధి, కూలిజనానికి కాదు. క్రీ.శ. 12వ శతాబ్దిలో జూ షీ అనే తత్త్వవేత్త తన గృహవిధుల గ్రంథంలో ఆరింటిని మూడుకు కుదించాడు. ఉన్నవారి విధిని సామాన్యుడి ఇంటికి తేవాలంటే దాన్ని కత్తిరించక తప్పదు. మన అయిదురోజుల పెండ్లి ఒక పూటకు రావడంలోనూ ఇటువంటి లెక్కే ఉంది.

చైనాలో పైకం పిల్లవాడి ఇంటినుంచి పిల్ల ఇంటికి నడిచేది. మనవద్దా అనేక కులాల్లో అదే పద్ధతి ఉండేది. దాని పేరు ఓలి. 1909లో అచ్చయిన థర్‌స్టన్ సంపుటాల్లో తెలుగు కులాల గురించి రాసినచోట ఈ ఓలి పదేపదే కనిపిస్తుంది. ఆ ప్రవాహం మనవద్ద ఎదురుతిరిగింది. కట్నమనే మాట చూడండి: ఒకప్పుడు అది ఎవరైనా ఇచ్చే కానుక. చదివించే రూపాయీ కట్నమే. ఇప్పుడది ఆడపిల్ల తండ్రి మెడకు చుట్టుకున్న బాకీకి పేరయింది. 1958లో ఆంధ్రప్రదేశ్ శాసనం, 1961లో కేంద్ర శాసనం వరకట్నాన్ని నిషేధించాయి. చైనా 1950 వివాహ చట్టంలోనే పెండ్లి పేర డబ్బు గుంజడాన్ని నిషేధించింది. అయినా 2024లో అక్కడి అత్యున్నత న్యాయస్థానం పెండ్లి పైకం తగాదాలకు మళ్ళీ నియమాలు చేయవలసి వచ్చింది. చట్టం వచ్చినంత మాత్రాన పైకం నడక ఆగదు. 1970 ప్రాంతంలో చైనా వరుడు సైకిలు, కుట్టుమిషను, చేతిగడియారం, రేడియో సమకూర్చుకోవలసి వచ్చేది. వాటికి డబ్బొక్కటే చాలదు, కూపన్లు కూడా కావాలి. కూపన్లు చేతికొచ్చేదాకా ముహూర్తమూ కాచుకుని ఉండేది.

మా అక్క పెండ్లినీ చైనా తాకింది, దూరంనుంచే. 1962 సరిహద్దు యుద్ధం తరువాత, 1963 జనవరిలో భారత రక్షణ నిబంధనల కింద బంగారు నియంత్రణ వచ్చింది. కొత్త నగలు 14 కారట్లకు మించి చేయరాదన్నారు. దేశమంతటా కంసాలులు పనిలేక వీధిన పడ్డారు. మా వైపు పెండ్లి బంగారానికీ జవుళికీ ప్రొద్దుటూరే గతి. నాయన, పెదనాయన కొండాపురంలో రైలెక్కి, ముద్దనూరు మీదుగా ఎర్రగుంట్లలో దిగి, బస్సు పట్టుకుని ప్రొద్దుటూరు చేరారు. జవుళి తీశారు; బంగారం మాత్రం తేలేదు. 14 కారట్ల నగ పెట్టి పంపితే వియ్యంకుడి ముందు తలెత్తుకోలేమని పెదనాయన వాదించాడట. చివరకు అమ్మ తన మెడలోని గొలుసు విప్పి అక్కకు వేసింది. ఆ తరువాత ఆమె మెడలో పసుపుతాడు తప్ప మరొకటి నేను చూడలేదు. ఆ నియంత్రణ 1968లో చట్టమై, 1990లో రద్దయింది.

ఇక చదివింపుల పుస్తకం. అందులో నూటికి పైగా పేర్లున్నాయి: రూపాయి, రెండు రూపాయలు, అయిదు రూపాయలు, ఒకచోట రెండు సేర్ల కందిబేడలు. పందిట్లో ఒకాయన గొంతెత్తి చదువుతుంటే మరొకాయన రాసేవాడు. ఇది దానం కాదు. ఆ ఇంట్లో పెండ్లయినప్పుడు ఇంతకు తగ్గకుండా మేమూ చదివించాలి. వడ్డీ లేని అప్పు అది. గడువు మాత్రం ఎదుటివాడి ఇంట్లో పిల్ల ఈడుకొచ్చే నాటికి. యాన్ యున్‌షియాంగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు ఈశాన్య చైనాలోని ఒక గ్రామంలో ఇటువంటి కానుకల పట్టీలనే ఇంటింటా సేకరించి 1996లో ఒక గ్రంథం ప్రకటించాడు. ఆ పట్టీలతోనే ఆ ఊరి బంధుత్వాలనూ బాధ్యతలనూ విప్పి చూపాడు. అది చదివినప్పుడు మా పుస్తకానికి ఇంత గౌరవముందా అని నాకు ఆశ్చర్యం కలిగింది.

అయితే పల్లె ఐకమత్యానికి ఇదొక నిదర్శనమని మురిసిపోయేవారితో నాకు పేచీ ఉంది. పెండ్లికి మూడు రోజులు డప్పు కొట్టినవారి పేర్లు ఈ పుస్తకంలో లేవు. పందిరికి కంప కొట్టి తెచ్చినవారివి లేవు. వారికి దక్కింది చివరి పంక్తిలో అన్నం, ఒక పాత పంచె. వారి శ్రమ ఎవరి ఖాతాలోనూ బాకీగా నిలవలేదు గనుక, వారి పిల్లల పెండ్లిండ్లకు మేము తీర్చవలసింది కూడా ఏమీ లేకపోయింది. అమ్మ గొలుసు సంగతీ ఇందులో లేదు. బాకీగా రాసుకోదగినవారు ఎవరో, కానివారు ఎవరో తెలుసుకోవడానికి ఇంతకన్న మంచి పత్రం నాకు దొరకలేదు.

ఈ అప్పుల వలయం తిరగాలంటే ఊరు ఒకచోట ఉండాలి. గండికోట జలాశయంలో నీళ్ళు పెంచుతూ పోయేకొద్దీ కొండాపురం మండలంలో పల్లెలు ఒకటొకటిగా కదిలాయి. 2020లో తాళ్ళప్రొద్దుటూరు జనం ఆందోళన చేసి, చివరకు మూటాముల్లె సర్దుకున్నారు. సీమకు నీళ్ళు అక్కరలేదని నేననను. నీళ్ళకోసం మొగులు చూసి చూసి మెడలు వంగినవాళ్ళం. కాని నష్టపరిహారం లెక్కగట్టినప్పుడు ఇంటికింత, చెట్టుకింత అన్నారు. చదివించి, తిరిగి రాబట్టుకోని రూపాయలకు ఏ పట్టికలోనూ గడి లేదు. ఇప్పుడు ఆ ఇళ్ళవాళ్ళు కొందరు పునరావాస కాలనీల్లో, కొందరు తాడిపత్రిలో, కొందరు ప్రొద్దుటూరులో ఉన్నారు. ఒకే వీధివాళ్ళు ఒకరి పెండ్లి ఒకరికి తెలియకుండా చేసుకుంటున్నారు.

మొన్న మాఘంలో మా మనవరాలి పెండ్లికి పత్రికలు పంచబోతూ, 1964 పుస్తకాన్ని ముందు పెట్టుకుని పేరు పేరుకూ ఇల్లు వెదికాను. కందిబేడలు తెచ్చినామె కొడుకు ప్రొద్దుటూరులో టైలరు పని చేస్తున్నాడు. పత్రిక అందుకుని, "మా అమ్మ మీకేం చదివించింది, మామా?" అని అడిగాడు. చెప్పాను. నవ్వి, తన కూతురికి వైశాఖంలో పెండ్లి అనుకుంటున్నామన్నాడు. పుస్తకంలో ఆమె పేరు పక్కన పెన్సిలుతో ఆ నెల రాసుకున్నాను. ఇంకా పదకొండు ఇళ్ళు ఎక్కడున్నాయో కనుక్కోవలసి ఉంది.