మందగించిన థైరాయిడ్, కలత చెందే మనసు

థైరాయిడ్ గ్రంథి మందగించినప్పుడు ఒంటితోపాటు మనసూ మారుతుందని వైద్యులు ఆ జబ్బును గుర్తించిన రోజుల్లోనే గమనించారు. లండన్‌లోని గైస్ ఆసుపత్రి వైద్యుడు విలియం గల్ 1873లో ఐదుగురు స్త్రీల గురించి వివరించారు. వాళ్ల ముఖాలు ఉబ్బాయి, మాట ముద్దగా వచ్చేది. చలాకీగా ఉండేవాళ్లు దేనిమీదా ఆసక్తి లేకుండా మందకొడిగా మారారు. ఈ స్థితికి 1878లో విలియం ఆర్డ్ మిక్సెడీమా అని పేరు పెట్టారు.

మూలం థైరాయిడేనని తేలడానికి శస్త్రచికిత్స తోడ్పడింది. గొంతు వాపుకు గ్రంథి మొత్తం తీసేసిన తన రోగుల్లో ఇవే లక్షణాలు వస్తున్నాయని స్విట్జర్లాండ్ సర్జన్ థియోడర్ కోకర్ 1883లో వెల్లడించారు. అదే ఏడాది లండన్ క్లినికల్ సొసైటీ ఒక సంఘాన్ని నియమించింది. 109 మంది రోగుల వివరాలతో 1888లో వెలువడిన దాని నివేదిక ఇప్పటికీ చదవదగ్గది. దాదాపు సగం మందికి, ముఖ్యంగా జబ్బు ముదిరినవాళ్లకు, భ్రమలు, లేనివి ఉన్నట్టు కనిపించడం, వినిపించడం వంటివి ఉన్నాయని అందులో ఉంది. ఇతరుల మీద అనుమానం, తనదే తప్పన్న బాధ వాళ్లలో ఎక్కువగా కనిపించేవి. అయితే ఆ కాలపు వైద్యుల కళ్లకు ఆనింది పిచ్చిదాకా వెళ్లిన మనసే. దానికి ఎంతో ముందు మొదలయ్యే గాభరా, నిద్రలేమి, అకారణమైన దిగులు విడిగా లెక్కలోకి రాలేదు.

చికిత్స త్వరగానే దొరికింది. 1891లో న్యూకాసిల్‌లో జార్జ్ ముర్రే గొర్రె థైరాయిడ్ నుంచి తీసిన రసాన్ని 46 ఏళ్ల స్త్రీకి సూదిమందుగా ఇచ్చారు. ఆమె కోలుకుని, ఆ మందుతోనే 74 ఏళ్ల వరకు జీవించింది. మరుసటి ఏడాదే గ్రంథిని నోటిద్వారా ఇచ్చినా పనిచేస్తుందని తెలిసింది. 1914లో అమెరికాలో ఎడ్వర్డ్ కెండల్ థైరాయిడ్ హార్మోను థైరాక్సిన్‌ను వేరుచేశారు. 1920లలో చార్లెస్ హారింగ్టన్ దాన్ని ప్రయోగశాలలో తయారుచేశారు.

మందు చేతికొచ్చాక మనసు సంగతి మరుగున పడింది. దాన్ని మళ్లీ ముందుకు తెచ్చింది లండన్ వైద్యుడు రిచర్డ్ ఆషర్ 1949లో రాసిన వ్యాసం. మతి చలించిందని మానసిక వార్డుకు చేరిన 14 మందికి అసలు జబ్బు థైరాయిడ్ లోపమని ఆయన చూపించారు. హార్మోను ఇచ్చాక వాళ్లలో తొమ్మిదిమంది పూర్తిగా బాగుపడ్డారు. సరిగ్గా పరీక్షించకపోతే నయమయ్యే మనిషి కూడా జీవితాంతం మానసిక రోగిగా మిగిలిపోతాడని ఆ 14 కథలు చెబుతాయి. థైరాయిడ్ చరిత్రలో ఇంతకంటే బరువైన పత్రం అరుదు.

1960లలో రక్తంలో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను ప్రేరేపించే హార్మోను) కొలిచే పద్ధతి వచ్చింది. దాంతో ముఖం ఉబ్బకముందే, మాట మారకముందే లోపం పట్టుబడసాగింది. అప్పుడే ఆందోళన, గుండె దడ, చిరాకు వంటి చిన్న ఫిర్యాదులకూ థైరాయిడ్‌కూ ఉన్న సంబంధం పరిశోధనకు వచ్చింది. ఈ లోపానికి దారితీసే, సొంత రోగనిరోధక శక్తే థైరాయిడ్‌ను దెబ్బతీసే జబ్బును జపాన్ వైద్యుడు హకారు హషిమోటో 1912లోనే వర్ణించారు. 19 అధ్యయనాలను కలిపి 2018లో ప్రచురించిన విశ్లేషణలో ఈ తరహా జబ్బు ఉన్నవారిలో ఆందోళన, కుంగుబాటు ఎక్కువగా కనిపించాయి. ఒకటి మరొకదానికి కారణమని మాత్రం దాన్నిబట్టి చెప్పలేం.

లోపం స్పష్టంగా ఉన్నవారికి నేటి ప్రధాన చికిత్స పరగడుపున వేసుకునే లెవోథైరాక్సిన్ మాత్ర. క్యాల్షియం, ఐరన్ మాత్రలకూ దీనికీ మధ్య కొన్ని గంటల ఎడం ఉండాలి. మోతాదు మార్చిన ఆరు నుంచి ఎనిమిది వారాలకు టీఎస్‌హెచ్ మళ్లీ చూస్తారు. గాభరా తగ్గలేదని సొంతంగా మోతాదు పెంచుకోవడం ప్రమాదం. మందు ఎక్కువైతే దడ, వణుకు, నిద్రలేమి వచ్చి ఆందోళన ఇంకా పెరుగుతుంది. లోపం అతి స్వల్పంగా ఉన్న వృద్ధులకు ఈ మాత్ర వల్ల లక్షణాలు తగ్గలేదని 2017లో ఒక పెద్ద పరీక్ష తేల్చింది. టీఎస్‌హెచ్ సరైన స్థాయికి వచ్చాకా ఆందోళన ఉంటే దానికి విడిగా చికిత్స కావాలి. ఆలోచనల తీరును మార్చే మాటల చికిత్స అయిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ, అవసరమైతే మానసిక వైద్యుడు రాసే మందులు థైరాయిడ్ మాత్రతోపాటే కొనసాగించవచ్చు.