గోదావరి సీమలో మోటారు హ్యాండిలు

1852 లో ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైన పిదప గోదావరి డెల్టాలో కాలువలే రాజమార్గములైనవి. ధాన్యమును, బెల్లమును, కొబ్బరికాయలను, తుదకు పెండ్లివారిని సైతము పడవలే మోయుచుండగా, వాన పడినంతనే బురదగుంటలగు బండిబాటలను నమ్ముకొని మోటారు వాహనము ఈ సీమకు వడివడిగా వచ్చునని ఎవరాశింపగలరు? 1900 లో రాజమహేంద్రవరమువద్ద తెఱువబడిన హేవ్‌లాకు వంతెన రైళ్ళకు మాత్రమే. అచ్చట కారు నదిని దాటుటకు తగిన వంతెన 1974 వరకు లేదు. కావున రేవులలో పంటుమీదికి కారునెక్కించుట, ఆవలి యొడ్డున దింపుట అనునవి డ్రైవరు నేర్వవలసిన విద్యలలో చేరినవి. ఆ యొడ్డున ఇసుకలో ఇంజను ఆగి బ్యాటరీ మొరాయించినచో, బండి ముందువైపునున్న చిల్లులో హ్యాండిలు దూర్చి త్రిప్పుట తప్ప గత్యంతరము లేదు.

అమెరికాలో చార్లెస్ కెటరింగు కల్పించిన విద్యుత్ స్టార్టరు 1912 లో కాడిలాక్ కార్లకు అమరినది మొదలు హ్యాండిలుకు కాలము చెల్లెనని చరిత్రకారులు వ్రాయుదురు. మన సీమకు ఆ మాట వర్తింపదు. ఇచ్చట హ్యాండిలు మఱి డెబ్బది యేండ్లు బ్రతికినది. దానిని పట్టుటయందొక శాస్త్రము సైతము ఏర్పడినది. బొటనవ్రేలిని తక్కిన వ్రేళ్ళ ప్రక్కనే యుంచవలెనే గాని చుట్టి పట్టరాదు. క్రిందినుండి పైకి లాగవలెనే గాని పైనుండి క్రిందికి నొక్కరాదు. ఇంజను వెనుకకు తన్నినచో మణికట్టు విఱుగును గనుక ఈ నియమమును కుఱ్ఱవాండ్రకు మందలింపులతోడను, ఒక్కొక్కప్పుడు మొట్టికాయలతోడను నేర్పుచుండెడివారు.

రెండవ ప్రపంచయుద్ధకాలమున పెట్రోలుకు రేషను వచ్చి, బస్సుల వెనుకభాగమున బొగ్గుగ్యాసు కొలిమి తగిలింపబడినప్పుడు, క్లీనరు తెల్లవాఱకముందే లేచి, బొగ్గు రాజేసి, గాలిపంకను చేతితో త్రిప్పి త్రిప్పి, గ్యాసు చక్కగా మండుచున్నదని నిశ్చయించుకొన్న పిమ్మటగాని ఇంజను జోలికి పోయెడివాడు కాడు. మోటారు మేస్త్రీ కాగోరిన వానికి బస్సు మొదటి పాఠశాలయైనచో, రెండవది బియ్యపు మిల్లు. అచ్చటి ఆయిలింజనును కదలించునపుడు వాల్వును తెఱచియుంచు మీటను ఎత్తిపట్టి ఫ్లైవీలును త్రిప్పినచో అది సుఖముగా తిరుగును. వేగమందిన పిదప మీటను వదలినచో, వాల్వు మూతపడి, లోపల అణగిన గాలి ఎదురుతిరిగి అరచేతిని నెట్టును. వాల్వు చేయు పని యేమో పుస్తకము చెప్పకమునుపే ఆ కుఱ్ఱవాని చేయి తెలిసికొనెను. మరమ్మతు షెడ్డు విద్యకంతకును ఈ స్పర్శజ్ఞానమే పునాది యని నా తలంపు.

ఏలయన, హ్యాండిలుకు గల రెండవ ప్రయోజనమగు ట్యాపెట్ల సర్దుబాటు, అనగా వాల్వుల సందును సరిచేయుట, కేవలము చేతివాటము మీద నడచునది. ఇంజను వేడెక్కినప్పుడు వాల్వుకాడలు సాగును. కాడకును, దానిని నొక్కు రాకరు ఆర్ముకును నడుమ వెండ్రుకవాసి సందు విడువనిచో వాల్వు పూర్తిగా మూతపడక, మండిన వాయువు అందుండి వెడలి దాని అంచును కాల్చివేయును. సందు మితిమీఱినచో టకటక శబ్దము పుట్టి బండి బలము తగ్గును. హిందూస్థాన్ మోటార్సువారి అంబాసిడరు మొదట అంతకుమునుపటి ల్యాండ్‌మాస్టరు కారునందలి సైడు వాల్వు ఇంజనుతోనే వచ్చినది. దాని ట్యాపెట్లు ఇంజను ప్రక్కన మూతల వెనుక నుండుటచే, వానిని సర్దువాడు సగము దేహమును బానెట్టులోనికి వంచవలసివచ్చెడిది. 1959 లో 1489 సి.సి. ఓవర్‌హెడ్ వాల్వు ఇంజను అమరిన పిదప, పైమూత తీసినంతనే ఎనిమిది రాకర్లును వరుసగా కన్నులయెదుట నిలిచినవి.

మేస్త్రీ గేరును న్యూట్రలులో నుంచి నాలుగు ప్లగ్గులను విప్పును. గాలి అడ్డు తగులదు గనుక హ్యాండిలును ఒక్కచేతితో మెల్లమెల్లగా త్రిప్పవచ్చును. ముందునుండి లెక్కించి ఎనిమిదవ వాల్వు పూర్తిగా తెఱచుకొన్నప్పుడు మొదటిదానిని సరిచేయవలెను. ఆఱవది తెఱచుకొన్నప్పుడు మూడవదానిని. నాలుగవది తెఱచుకొన్నప్పుడు అయిదవదానిని. రెండును కూడిన ఎల్లప్పుడును తొమ్మిదే. ఒకటవ పిస్టనును నాలుగవదియు, రెండవదియు మూడవదియు జంటలుగా పైకి క్రిందికి పోవుచుండ, క్యాము షాఫ్టు మాత్రము క్రాంకు రెండు చుట్లు తిరుగునప్పటికి ఒకే చుట్టు తిరుగును. కావున జంటలో ఒకదాని వాల్వు నిండుగా తెఱచుకొన్నవేళ రెండవదాని క్యాము సరిగా వెన్ను త్రిప్పియుండును. ఈ కారణమెఱుగని వాడును తొమ్మిది లెక్కను తప్పక పాటించును. లెక్క యందలి సుగుణమదియే కదా!

అంగుళమును వేయి భాగములు చేసినచో అందు పదునైదు భాగముల మందముగల ఫిల్లరు గేజి ఆ సందులో దూఱి, సన్నని పట్టుతో జాఱవలెను. కష్టమంతయు లాకునట్టు వద్ద. బిగించునప్పుడు స్క్రూ తానును కొంచెము తిరుగును గనుక, బిగించిన పిదప గేజిని మరల పెట్టి చూడనివానిని మేస్త్రీలు తమలో నొకనిగా పరిగణింపరు.

వరద నాటి పని వేఱు. 1986 ఆగస్టులో ధవళేశ్వరమువద్ద సుమారు 35 లక్షల క్యూసెక్కుల నీరు పాఱి, గట్లు తెగి గ్రామములు మునిగినప్పటివంటి ఆపదలో, నీట మునిగిన బండికి స్టార్టరు నొక్కుటకంటె పెద్ద అపరాధము లేదు. గాలి అణగును గాని నీరు అణగదు. పిస్టను పైకివచ్చి నీటికి కొట్టుకొన్న కనెక్టింగు రాడ్డు వంగిపోవును. కనుక ప్లగ్గులు విప్పి, హ్యాండిలు త్రిప్పి, చిల్లులనుండి నీరు చిమ్మి వెలికిపోవువరకు ఓపికపట్టి, పాలవలె తెల్లబాఱిన నూనెను పాఱబోసి క్రొత్తది పోసిన తరువాతనే ట్యాపెట్ల మాట తలపెట్టవలెను.

1983 డిసెంబరులో రోడ్డునకు వచ్చిన మారుతి 800 ఈ విద్యకు అడ్డము తిరిగినది. ఇంజను బండికి అడ్డముగా కూర్చుండినది. హ్యాండిలుకు చిల్లు లేదు. సిలిండర్లు మూడు, వాల్వులు ఆఱు గనుక తొమ్మిది లెక్క చెల్లలేదు. షెడ్లవారు కొంతకాలము విసుగుకొని, పిదప క్రాంకు పుల్లీ బోల్టుకు రెంచి వేసి త్రిప్పుచు, డిస్ట్రిబ్యూటరు మూత తీసి, రోటరు ఏ ప్లగ్గువైపు చూచుచున్నదో ఆ సిలిండరు వాల్వులను సర్దు పద్ధతికి వచ్చిరి. అంబాసిడరు తయారీ 2014 లో ఆగినది. పలు క్రొత్త ఇంజన్లలో నూనె ఒత్తిడియే వాల్వుల సందును తనంతట తాను పూడ్చుకొనుచున్నది గనుక, అట్టి బండ్లవద్ద ఫిల్లరు గేజికి పని లేదు.