విడిచిన పశువులు, పెరిగిన సంతతి

పులికాటు సరస్సునకును బంగాళాఖాతమునకును నడుమనున్న శ్రీహరికోటను 1969లో రాకెట్టు ప్రయోగములకై ఎన్నుకొనిరి. 1971 అక్టోబరు 9న తొలి రోహిణి రాకెట్టు అచ్చటినుండి ఎగసెను. ఆ కేంద్రమునకై ఊళ్ళు ఖాళీచేసి పోయిన జనులు విడిచిన పశువులు కాపరి లేక, కట్టుకొయ్య లేక, తరతరములుగా ఈని అడవిపశువులైనవి. మనుష్యుడు పెంచిన జంతువు మనుష్యుడు విడిచినంతమాత్రమున నశింపదు. పట్టణములలోని కుక్కల సమస్యకును మూలమిదియే యని మా యభిప్రాయము.

ఆ దీవికి దక్షిణముననున్న చెన్నపట్టణపు చరిత్రను చూడుడు. అచ్చటి నగరపాలకసంఘము 1860లో వీధికుక్కలను చంపింప మొదలిడెను. తొలుత దినమునకు ఒకటికంటె తక్కువగా చంపుచుండిరనియు, 1996 నాటికి ఆ లెక్క దినమునకు 135 వరకు పెరిగెననియు బ్లూక్రాస్ సంఘమువారు చెప్పుదురు. ఇన్నేండ్ల వధవలన కుక్కలు తగ్గలేదు. వీధిలోని యెంగిలాకులును, మాంసపుదుకాణముల వ్యర్థములును ఉన్నంతకాలము, చచ్చినవాని చోటికి క్రొత్తవి చేరును, మిగిలినవి ఈనును.

1959లో కెప్టెన్ వి. సుందరముగారు స్థాపించిన యీ సంఘము 1964 నుండియే కుక్కలకు సంతానము కలుగకుండ శస్త్రచికిత్స చేయసాగెను. నగరపాలకులు ఆ మార్గమునకు వచ్చుటకు 1996 దాక పట్టెను. 2001లో కేంద్రప్రభుత్వము దానినే నియమముగా చేసి, 2023లో క్రొత్త నియమములను వెలువరించెను. వీని ప్రకారము, కుదరని రోగముగల కుక్కకును, ప్రాణాంతకమైన గాయము తగిలిన కుక్కకును మాత్రమే బాధలేని మరణము కలిగింపవచ్చును.

కుక్కకాటువలన బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఈ దయ క్రూరముగా తోచవచ్చును. ఆమె దుఃఖమును తేలికగా చూచుట తగదు. పిచ్చికుక్క రోగలక్షణములు బయటపడిన పిదప ప్రాణము దక్కుట మిక్కిలి అరుదు. కాని బిడ్డలను కాపాడునది టీకాయే. ఊరి కుక్కలలో నూటికి 70 వంతులకు టీకా వేసినచో వ్యాధివ్యాప్తి ఆగునని ప్రపంచారోగ్యసంస్థవారి మతము. చంపుటకు వెచ్చించు ధనము దీనికి వెచ్చించుట మేలు.

ప్రభుత్వమునకు చెప్పినంతనే మన పని తీరదు. ధర్మరాజు స్వర్గద్వారమునను కుక్కను విడువనొల్లడాయెనని పిల్లలకు కథ చెప్పి, మఱునాడే యింటికుక్క కూనలను గోనెసంచిలో కట్టి సంతకడ వదలి వచ్చుట యేమి ధర్మము? ఆ కూనలే రేపటి వీధికుక్కలు. సాకినవారు వానికి శస్త్రచికిత్సయు టీకాయు చేయింపవలెను. అది చేతకానివారు సాకనే రాదు.